అయోడిన్ మందు వేసుకున్న మనిషి ఇంటికొచ్చాక: పక్కవాళ్లకు తగిలే రేడియేషన్ లెక్క

థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక రేడియో అయోడిన్ ఇచ్చి ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక కాగితం చేతిలో పెడతారు. విడిగా పడుకోండి, పిల్లల్ని ఎత్తుకోకండి, మనుషులకు మీటరు దూరంలో ఉండండి, ఇన్ని రోజులు. ఒక ఆసుపత్రి నాలుగు రోజులంటే ఇంకో ఆసుపత్రి రెండు వారాలంటుంది, ఆ అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఎవరూ విడమరిచి చెప్పరు. దాంతో కొన్ని ఇళ్లలో ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పడేస్తారు, ఇంకొన్ని ఇళ్లలో మనిషిని వెనకగదిలో పెట్టి గుమ్మం దగ్గర కంచం జరుపుతారు. అసలే క్యాన్సర్ అన్న మాటతో కుంగిపోయి ఉన్న మనిషికి ఆ రెండోది ఎంత నరకమో చెప్పనక్కర్లేదు.

నిజానికి ఈ లెక్క పదో తరగతి గణితం వచ్చినవాళ్లకు అందేదే. ఎన్ని మిల్లీక్యూరీలు (రేడియోధార్మిక మందును కొలిచే యూనిట్) ఇచ్చారన్న ఒక్క అంకెను పట్టుకుని టెన్షన్ పడినా, ధైర్యంగా ఉన్నా ఉపయోగం లేదు. మందు ఆ ఒంట్లో ఎన్నాళ్లుంటుంది, పక్కన ఎవరు ఎంత దగ్గరగా ఎంతసేపు ఉంటారు, అసలు విషయమంతా ఈ రెండిటి మీదే నడుస్తుంది.

వాడే మందు అయోడిన్ 131. దాన్నుంచి రెండు రకాల కిరణాలొస్తాయి. బీటా కణాలు ఒంట్లో రెండు మిల్లీమీటర్లకు మించి పెద్దగా పోలేవు, మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపేది అవే. గామా కిరణాలు మాత్రం ఒంటిని దాటి బయటికొస్తాయి. చికిత్స పని బీటాది, ఇంట్లోవాళ్లకు తగిలేది గామా. ఒక మిల్లీక్యూరీ అయోడిన్ 131 నుంచి మీటరు దూరంలో ఉన్నవారికి గంటకు దాదాపు 2.2 మైక్రోసీవర్టులు తగులుతుంది (ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్టుల్లో కొలుస్తారు, వెయ్యి మైక్రోసీవర్టులు ఒక మిల్లీసీవర్టు). 100 మిల్లీక్యూరీలు మింగిన మనిషి పక్కన మీటరు దూరంలో, మొదట్లో, గంటకు 220 మైక్రోసీవర్టులన్నమాట. సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే ఇంతకంటే తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే రోగి ఒళ్లే కొంత గామాను మింగేస్తుంది. కానీ ముందుగా వేసే అంచనాలో ఆ తగ్గింపును సాధారణంగా లెక్కలోకి తీసుకోరు, ఎక్కువవైపే వేసుకుంటారు.

ఇది గంట లెక్క. మొత్తం ఎంత తగులుతుందో తెలియాలంటే కాలాన్ని కూడా కలపాలి. అయోడిన్ 131 అర్ధాయువు 8 రోజుల పైచిలుకు, అంటే ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. ఇలా తగ్గుతూ పోయేదాన్ని మొదటినుంచి చివరిదాకా కూడితే, మొదటి గంట రేటును అర్ధాయువుతోనూ 1.44తోనూ గుణించినంత వస్తుంది. 2.2ను 24 గంటలతో, 8.04 రోజులతో, 1.44తో గుణిస్తే ఒక్కో మిల్లీక్యూరీకి దాదాపు 610 మైక్రోసీవర్టులు. రోజంతా రోగి పక్కనే ఎవరూ కూర్చోరు కాబట్టి రోజులో నాలుగో వంతు, అంటే ఆరు గంటలు, మీటరు దూరంలో ఉంటారని అనుకుంటే 153 మైక్రోసీవర్టులు. దీన్ని 33తో గుణించి చూడండి, సరిగ్గా 5 మిల్లీసీవర్టులొస్తుంది. అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్నార్సీ పట్టికలో అయోడిన్‌కు 33 మిల్లీక్యూరీలు అని కనిపించే హద్దు వెనక ఉన్నది ఇదే గుణకారం. 1997 నుంచి అక్కడ రూలేమిటంటే, రోగి వల్ల ఇంకో మనిషికి తగిలేది 5 మిల్లీసీవర్టులు దాటకపోతే ఇంటికి పంపొచ్చు, 1 మిల్లీసీవర్టు దాటే అవకాశముంటే జాగ్రత్తలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

అయితే ఈ గుణకారంలో ఒక పెద్ద లోటుంది. రోగి ఒంట్లోకి వెళ్లిన మందు సీసాలో ఉన్నట్టు అక్కడే కూర్చుని చల్లారుతుందని ఇది అనుకుంటుంది. మనిషి నీళ్లు తాగుతాడు, మూత్రానికి వెళ్తాడు, థైరాయిడ్ లేని ఒంట్లో అయోడిన్‌కు నిలబడే చోటే పెద్దగా ఉండదు. పై లెక్క ప్రకారం 100 మిల్లీక్యూరీలకు 15 మిల్లీసీవర్టులు వస్తుంది. మూత్రంలో పోయేది కలిపి లెక్కేస్తే అది రెండున్నర లోపుకు పడిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది, కాస్త నిదానంగా చూడాలి. ఎన్నార్సీ మార్గదర్శకాల్లోని నమూనా ప్రకారం, థైరాయిడ్ తీసేసిన క్యాన్సర్ రోగిలో మందులో 95 శాతం 0.32 రోజు అర్ధాయువుతో బయటికి పోతుంది, అంటే ఎనిమిది గంటల లోపే సగం ఖాళీ. మిగిలిన 5 శాతం మాత్రం 7.3 రోజుల అర్ధాయువుతో నెమ్మదిగా తగ్గుతుంది. హైపర్‌థైరాయిడ్, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బుకు ఇదే మందు వేసుకున్నవాళ్ల పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. వాళ్ల గ్రంథి ఉబ్బి ఉంటుంది, అయోడిన్‌ను ఆబగా పట్టుకుంటుంది. నమూనాలో 80 శాతం గ్రంథిలోనే ఉండిపోయి 5.2 రోజుల అర్ధాయువుతో తగ్గుతుంది, 20 శాతమే త్వరగా పోతుంది. మొదటి ఎనిమిది గంటలు మూత్రంలో ఏమీ పోలేదనీ, ఆ సమయంలో ముప్పావు వంతు సేపు ఎవరో పక్కనే ఉన్నారనీ కూడా జాగ్రత్త కోసం కలుపుతారు.

ఈ అంకెలతో రెండు కేసులు వేసి చూద్దాం. 100 మిల్లీక్యూరీల క్యాన్సర్ రోగి అదే రోజు ఇంటికొస్తే ఇంట్లో ఒకరికి తగిలేది 2.3 మిల్లీసీవర్టులు, అందులో దాదాపు సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. 15 మిల్లీక్యూరీల హైపర్‌థైరాయిడ్ రోగి అదే రోజు ఇంటికొస్తే 1.3 మిల్లీసీవర్టులు. మందు ఆరో వంతు కన్నా కాస్త తక్కువ, తగిలేది మాత్రం సగం పైనే. ఇప్పుడు మన దేశంలో జరిగేది చూద్దాం. క్యాన్సర్ రోగిని రెండు మూడు రోజులు ఐసొలేషన్ వార్డులో ఉంచుతారు. రెండు రోజులు వార్డులో గడిచాక ఇంటికొస్తే, ఆ తర్వాత మొత్తం కలిపి ఇంట్లోవాళ్లకు 0.6 మిల్లీసీవర్టులే మిగులుతుంది. మందు తాగి అరగంటలో ఓపీ నుంచి నడిచి వెళ్లిపోయిన 15 మిల్లీక్యూరీల రోగి వల్ల తగిలేదానిలో ఇది సగం కూడా లేదు.

భయం మాత్రం తలకిందులుగా ఉంటుంది. వార్డులోంచి వచ్చిన మనిషిని చూసి చుట్టాలు ఆమడ దూరం జరుగుతారు. గొంతు దగ్గర నిండుగా అయోడిన్ పెట్టుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చిన తల్లి, చిన్న డోసే అన్నారు కదా అని ఆ రాత్రే బిడ్డను పక్కలో వేసుకుంటుంది. జాగ్రత్తల కాగితం ఎవరికి ఎక్కువ వివరంగా ఇవ్వాలో ఆలోచించాల్సింది ఇక్కడ.

పైగా ఈ నమూనాలు సగటు మనిషివి. ఈ చికిత్సకు ముందు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్రలు నాలుగు వారాలు ఆపేసిన మనిషిలో కిడ్నీలు మందకొడిగా పనిచేస్తాయి, అయోడిన్ నెమ్మదిగా పోతుంది. మాత్రలు ఆపకుండా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాల్ని ప్రేరేపించే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చినవారిలో త్వరగా పోతుంది. డయాలసిస్ మీద ఉన్నవారి లెక్క పూర్తిగా వేరు, వాళ్లకు ఏ పట్టికా పనికిరాదు, కొలిచి తీరాలి.

మరి అంచనాలు ఇలా ఉంటే, నిజంగా కొలిస్తే ఎంత తేలింది? అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక బృందం చేసిన పని 2000లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 75 నుంచి 150 మిల్లీక్యూరీల దాకా తీసుకుని ఇంటికి వెళ్లిపోయిన 30 మంది రోగుల ఇళ్లలో, 65 మంది కుటుంబసభ్యుల ఒంటి మీద డోసిమీటర్లు (తగిలిన రేడియేషన్‌ను కొలిచే చిన్న పరికరాలు) పెట్టి కొలిచారు, పెంపుడు జంతువులకు కూడా పెట్టారు. మనుషులకు తగిలింది 0.01 నుంచి 1.09 మిల్లీసీవర్టుల మధ్య, సగటున 0.24. లెక్కలు చెప్పినదానికంటే చాలా తక్కువ. అంచనా పద్ధతి ఎక్కువవైపే వేస్తుందన్నది దీంతో స్పష్టంగా తెలుస్తుంది. అలాగని అందరూ ఊపిరి పీల్చుకుని వదిలేయొచ్చా అంటే, అదీ తొందరపాటే. వాళ్లు ముందే జాగ్రత్తలు చెప్పి పంపిన కుటుంబాలు. వేరే గది, వేరే మంచం అన్నవి ఏ ఇంట్లో కుదురుతాయి, ఏ ఇంట్లో కుదరవు అన్న ప్రశ్న మనకు మిగిలే ఉంది.

రోజుకు ఆరు గంటలు, మీటరు దూరం. ఈ రెండు అంకెలూ ఏ ఇంటివి? రెండు గదుల అద్దె ఇంట్లో నలుగురూ ఒకే గదిలో చాపల మీద పడుకునే చోట ఇవి నిలబడవు. రెండు రోజులు వార్డులో ఉండి వచ్చిన 100 మిల్లీక్యూరీల రోగి నుంచి, నమూనా ప్రకారం, మీటరు దూరంలో గంటకు 12 మైక్రోసీవర్టులు వస్తుంటాయి. పక్కనే, అడుగు దూరంలో పడుకుంటే? దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందన్న సూత్రం వాడితే పదకొండు రెట్లు పెరగాలి. కానీ మనిషి ఒక చుక్క కాదు, తలనుంచి కాళ్లదాకా పరుచుకున్న ఒళ్లు, అందుకే దగ్గరికొచ్చేకొద్దీ ఆ సూత్రం ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది. ఆరు రెట్లే అనుకుందాం. గంటకు 70, ఎనిమిది గంటల నిద్రకు 0.6 మిల్లీసీవర్టులు. మీటరు దూరం పాటించిన మనిషికి అన్ని వారాలకూ కలిపి వచ్చే మొత్తం ఒక్క రాత్రిలో వచ్చేసింది. 15 మిల్లీక్యూరీల హైపర్‌థైరాయిడ్ రోగి పక్కన రెండో రాత్రి పడుకుంటే ఇదే లెక్కలో 1.1 మిల్లీసీవర్టులు.

కాబట్టి కాగితంలో ఉన్న పది జాగ్రత్తల్లో ఒక్కటే పాటించగలిగే పరిస్థితి ఉంటే, పాటించాల్సింది విడిగా పడుకోవడమే. పగలు వంటింట్లో ఎదురుపడి మాట్లాడుకోవడం, అన్నం వడ్డించడం, పది నిమిషాలు పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం, వీటి వంతు ఈ మొత్తంలో చాలా చిన్నది. కంచం గుమ్మం దగ్గర జరపాల్సిన అవసరం లెక్కలో ఎక్కడా కనిపించదు.

రాత్రి తర్వాత అంత గట్టిగా చెప్పాల్సింది ప్రయాణం గురించి. చికిత్స దొరికేది పెద్ద ఊళ్లలో, రోగులొచ్చేది దూరాలనుంచి. హైదరాబాద్‌లో డిశ్చార్జ్ అయి శ్రీకాకుళం బస్సెక్కితే పన్నెండు గంటల పైమాటే. పక్క సీటువాళ్లకు అర మీటరు దూరం. భారత అణుశక్తి నియంత్రణ మండలి పద్ధతిలో, ఒంట్లో మిగిలింది 30 మిల్లీక్యూరీలకు, అంటే మీటరు దూరంలో గంటకు 50 మైక్రోసీవర్టులకు దిగితే డిశ్చార్జ్ చేయొచ్చు. సరిగ్గా ఆ హద్దు దగ్గర బయటికొచ్చిన మనిషి పక్కన పన్నెండు గంటలు కూర్చుంటే సూత్రం ప్రకారం 2.4 మిల్లీసీవర్టులు, ఒళ్లు పరుచుకుని ఉండటాన్ని కలిపి తగ్గించినా ఒకటిన్నర పైనే. పక్క సీటులో ఉన్నది ఎవరో తెలియదు, గర్భిణి కావచ్చు, ఆమెకు ఎవరూ కాగితం ఇవ్వలేదు. సాధారణ ప్రజలకు ఏడాదికి పెట్టుకున్న హద్దు 1 మిల్లీసీవర్టు. అదే మనిషి గంటకు 12 మైక్రోసీవర్టులకు దిగేదాకా ఆగి బయల్దేరితే ఆ మొత్తం 0.6కు పడిపోతుంది. డిశ్చార్జ్ చేసే ముందు ఇల్లెక్కడ, ఎలా వెళ్తారు అని అడగడం మర్యాద కోసం అనుకోకూడదు, అది డోసు లెక్కలో భాగం. అమెరికాలోనూ ఇలాంటి ఇబ్బందే వచ్చింది. రోగులు ఇంటికి పోకుండా హోటళ్లలో దిగుతుంటే గదులు శుభ్రం చేసేవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న లేచి, 2011లో ఎన్నార్సీ హోటళ్లకు పంపడాన్ని గట్టిగా వద్దంది.

ఇప్పటిదాకా చెప్పింది బయటినుంచి తగిలేది. ఒంట్లోకి వెళ్లేది ఇంకొకటుంది. రోగి చెమటలో, ఉమ్మిలో, మూత్రంలో అయోడిన్ ఉంటుంది. ఎంగిలి గ్లాసు, తువ్వాలు, బాత్‌రూమ్ ద్వారా ఇచ్చిన మందులో లక్షో వంతు ఇంకొకరి నోట్లోకి పోతుందని అంచనాల్లో అనుకుంటారు. 100 మిల్లీక్యూరీల్లో లక్షో వంతంటే 37,000 బెక్వెరెల్స్ (మిల్లీక్యూరీకంటే చాలా చిన్న యూనిట్). పెద్దవాళ్లు మింగితే దాదాపు 0.8 మిల్లీసీవర్టులు. మూడు నెలల పసిబిడ్డ మింగితే 6.7. అంతే మందు, ఎనిమిది రెట్ల డోసు, ఎందుకంటే పసిబిడ్డ థైరాయిడ్ చాలా చిన్నది, అంత చిన్న కండలో అదే అయోడిన్ కూరుకుపోతుంది. 2004లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 94వ నివేదికలో పసిపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పింది ఇందుకే. పెద్దవాళ్ల విషయంలో బయటి గామాదే పెద్ద వంతు, పసిపిల్లల విషయంలో ఉమ్మి, ముద్దులు, తినిపించడం లాంటివి ముందుకొస్తాయి. చంటిబిడ్డ ఉన్న తల్లి చికిత్సకు ముందే పాలివ్వడం మానేయాలి, ఆ బిడ్డకు మళ్లీ ఇవ్వకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే, పది పన్నెండు వారాలు దాటిన పిండంలో థైరాయిడ్ అయోడిన్‌ను పట్టుకోవడం మొదలుపెడుతుందన్నది గుర్తుంచుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో కొన్నాళ్లు బిడ్డను అమ్మమ్మ ఇంట్లో ఉంచమనడం అతి జాగ్రత్త కాదు, ఈ కాగితం మొత్తంలో అన్నిటికంటే న్యాయమైన సలహా.

ఒకే భౌతికశాస్త్రం మీద దేశానికో రూలు ఎందుకుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. జర్మనీలో కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి, రెండు మీటర్ల దూరంలో గంటకు 3.5 మైక్రోసీవర్టులకు దిగితేనే బయటికి, ఎందుకంటే వాళ్లు 1 మిల్లీసీవర్టును హద్దుగా పెట్టుకున్నారు. అమెరికా 5 పెట్టుకుంది, దాంతో 200 మిల్లీక్యూరీల రోగిని కూడా లెక్క చూపించి అదే రోజు పంపే వీలుంది. ఆ నమూనాతో 200కు వచ్చేది 4.5 మిల్లీసీవర్టులు, హద్దుకు అటూ ఇటూగా. ఇంత పెద్ద తేడా ఉన్నప్పుడు ఇంటర్నెట్‌లో ఏదో దేశపు ఆసుపత్రి పేజీ చూసి ఇక్కడి డాక్టర్ తప్పు చెప్పాడనుకోవడం, లేదా అక్కడ వదిలేశారు కాబట్టి ఇక్కడ భయం లేదనుకోవడం, రెండూ పొరపాటే. మన దగ్గర వార్డులో ఉంచే పద్ధతి ఇరుకు ఇళ్లకు మేలే చేస్తోంది. ఇబ్బందల్లా వార్డుల్లో మంచాలు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ.

1 మిల్లీసీవర్టు అంటే ఎంత అన్నది కూడా తెలియాలి, లేకపోతే ఈ అంకెలన్నీ ఉత్త భయాన్నే మిగులుస్తాయి. భూమ్మీద మనిషికి నేలనుంచి, గాలినుంచి, ఆకాశంనుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతూనే ఉంటుంది. పొట్టకు ఒక సీటీ స్కాన్ తీస్తే 8, 10 దాకా పోతుంది. రేడియేషన్ రక్షణలో వాడే గుణకం ప్రకారం 1 మిల్లీసీవర్టు వల్ల జీవితకాలంలో పెరిగే ప్రాణాంతక క్యాన్సర్ ముప్పు లక్షకు ఐదు, అది కూడా ఎంత తక్కువ డోసైనా అంతకు తగ్గ ముప్పు ఉంటుందని ముందుజాగ్రత్తగా అనుకుని వేసిన అంచనా. పిల్లల్లో ఇది ఎక్కువ. అంటే అరవై దాటిన భర్త, భార్యకు జ్వరమొస్తే పక్కన కూర్చోవడానికి వెనకాడక్కర్లేదు. సేవ చేసే పెద్దవాళ్లకు అంతర్జాతీయంగా ఒక చికిత్సకు 5 మిల్లీసీవర్టులు ఒప్పుకున్నది ఇలాంటి మనుషుల కోసమే. ఏడాది నిండని మనవడి విషయంలో ఆ చనువు ఇవ్వకూడదు.

అన్ని రేడియోధార్మిక మందులూ ఇలాంటివి కావు. పెట్ స్కాన్‌కు ఇచ్చే ఫ్లోరిన్ 18 అర్ధాయువు 110 నిమిషాలు, మర్నాటికి వేల వంతుల్లో ఒక వంతు కూడా మిగలదు. ఎముకల స్కాన్‌కు వాడే టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది. ఆ రోజు పిల్లల్ని ఎక్కువసేపు ఒళ్లో పెట్టుకోకపోతే చాలు. ప్రోస్టేట్, న్యూరోఎండోక్రైన్ క్యాన్సర్లకు ఇస్తున్న లుటీషియం 177లో గామా తక్కువ, శక్తి కూడా తక్కువ. ఒక్కసారికి 200 మిల్లీక్యూరీలు ఇచ్చినా పక్కవాళ్లకు తగిలేది అయోడిన్‌తో పోలిస్తే చాలా తక్కువ. కాకపోతే అది మూత్రంలో పోతుంది కాబట్టి బాత్‌రూమ్ శుభ్రత అక్కడా కావాలి.

ఆసుపత్రి చేయగలిగింది ఒకటుంది, దానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. డిశ్చార్జ్ రోజు మీటరు దూరంలో సర్వే మీటర్ ఎంత చూపించిందో ఎలాగూ రాసుకుంటారు. ఆ అంకెను, తేదీని, సమయాన్ని రోగి కాగితం మీద తెలుగులో రాయాలి. దాని పక్కనే ఇంట్లో ఎన్ని గదులు, పసిపిల్లలున్నారా, గర్భిణి ఉందా, ఊరికి ఎన్ని గంటల ప్రయాణం అని అడిగి, విడిగా పడుకోవాల్సిన రోజుల్ని ఆ ఇంటికి సరిపడేలా వేయాలి. అందరికీ ఒకటే జిరాక్స్ కాపీ ఇస్తే ఒంటరిగా ఉండే మనిషికి అక్కర్లేని శిక్ష పడుతుంది, ఇరుకింటి తల్లికి చాలినంత జాగ్రత్త అందదు.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లబోయేవాళ్లు ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోవాలి. ఎయిర్‌పోర్టుల్లో ఉండే రేడియేషన్ డిటెక్టర్లు చాలా సున్నితమైనవి, ఇంట్లోవాళ్లకు ఏ హానీ లేని స్థాయికి దిగిన వారాల తర్వాత కూడా అవి మోగొచ్చు. మందు పేరు, ఇచ్చిన తేదీ, ఎంత ఇచ్చారు, ఆసుపత్రి ఫోన్ నంబర్ అందులో ఉంటే అధికారులు సరిచూసుకుని పంపేస్తారు.